రెయిన్‌కోటు కారేది కుట్టు దగ్గరే

సూదీ దారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో రెయిన్‌కోటుకి పేపర్ కటింగ్ ఎలా గీసుకోవాలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే, కటింగ్ గురించి అడిగినవాళ్లు ఇద్దరే తేలారు. మిగతావాళ్లందరి గోలా ఒకటే: తడుస్తున్నాం. ఎక్కడ తడుస్తున్నారో సరిగ్గా చూసి రాసినవాళ్ల ఉత్తరాలు ముందు తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, లోపల పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న నైలాన్ గుడ్డతో రెయిన్‌కోటు కుట్టుకున్నాను. కుట్టేముందు ఆ గుడ్డని గ్లాసులోకి గుంటలా దించి, అంచుకి రబ్బరు బ్యాండు వేసి, నీళ్లు పోసి రాత్రంతా ఉంచాను. చుక్క కారలేదు. తీరా కోటు వేసుకుని అరగంట వానలో నడిస్తే రెండు భుజాల మీదా గీత గీసినట్టు తడి. గుడ్డ మోసం చేసిందా?

జవాబు: గుడ్డని ఏమీ అనకు చెల్లీ. నువ్వు చేసిన గ్లాసు పరీక్ష చక్కటి పరీక్ష, అందులో అది నెగ్గింది కూడా. ఆ తర్వాత దానికి బెజ్జాలు పెట్టింది మనమే.

నా మొదటి రెయిన్‌కోటు కథ కూడా ఇదే. నీలం రంగుది. గట్టిగా ఉండాలని భుజం మీద చిన్న టాకాతో, అంటే బెజ్జాలు దగ్గర దగ్గరగా పడేలా, రెండు వరసలు కుట్టాను. వానలోంచి వచ్చి విప్పి చూస్తే, లోపలి చొక్కా మీద సరిగ్గా కుట్టు ఉన్నచోటే తడి చార. కోపంతో లెక్క వేశాను. 14 సెంటీమీటర్ల భుజం, ఒకటిన్నర మిల్లీమీటర్ల టాకా. వరసకి 90కి పైగా బెజ్జాలు, రెండు వరసలకి 180 దాటాయి. జల్లెడ వేసుకుని వానలోకి వెళ్లానన్నమాట. అదే టాకా మూడున్నర మిల్లీమీటర్లు పెట్టి ఒక్క వరసే కుట్టి ఉంటే 40తో పోయేది. చొక్కాకి చిన్న టాకా బలం. పూత గుడ్డకి అదే చేటు. స్టాంపుల మధ్య బెజ్జాల్లాగా, బరువు పడితే ఆ గీత వెంబడే చిరుగుతుంది కూడా.

ఈ కష్టం మనతో మొదలైంది కాదు. 1823లో చార్లెస్ మెకింటాష్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు, బొగ్గు తారు నుంచి తీసిన నాఫ్తా అనే ద్రవంలో రబ్బరు కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి అతికించి, దానికి పేటెంటు తీసుకున్నాడు. గుడ్డ బ్రహ్మాండం. దర్జీలు దాన్ని మామూలు కోటులా కుట్టేసరికి సూది పడ్డ చోటల్లా నీళ్లు దిగాయి. పైగా చలికి బిరుసెక్కేది, ఎండకి జిగురయ్యేది. ఆ జిగురు బాధ 1840ల్లో రబ్బరుని గంధకంతో వేడిచేసే పద్ధతి వచ్చాక తీరింది. బెజ్జాల బాధ మాత్రం ఇప్పటికీ కుట్టేవాళ్ల నెత్తినే ఉంది.

ఇప్పుడు నీ కోటు సంగతి. కుట్టు విప్పకు. విప్పి మళ్లీ కుడితే పాత బెజ్జాలు పూడవు, వాటికి కొత్తవి తోడవుతాయి. లోపలి వైపు, అంటే పూత ఉన్న వైపు, కుట్టు మీద సీమ్ టేపు (వేడికి అంటుకుని బెజ్జాలు మూసే పట్టీ) అంటించు. సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పుది చాలు. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీద ఉంచి, మధ్యలో పల్చటి నూలు గుడ్డ వేసి, అద్దుతూ రావాలి. రుద్దితే టేపు జరుగుతుంది. ముందు పనికిరాని ముక్క మీద ప్రయత్నించు, నైలాన్ వేడికి ముడుచుకుపోతే కోటు మొత్తం పాడవుతుంది. రెండు కుట్లు కలిసే చోట, చంక కింద మరీ ముఖ్యంగా, టేపు కింద చిన్న సందు మిగులుతుంది. నీళ్లు వెతుక్కునేది దాన్నే. అక్కడ రూపాయి బిళ్లంత టేపు ముక్క గుండ్రంగా కత్తిరించి పైన ఇంకొకటి వెయ్యి. టేపు దొరక్కపోతే పీయూ సీమ్ సీలర్ అని ద్రవం ఉంటుంది. సన్న బ్రష్‌తో కుట్టు మీద పూసి, ఆరాక రెండో పూత వేసి, రాత్రంతా వదిలెయ్యి.

ఒక్క మెలిక. గుడ్డకి పూసింది పీయూ కాక సిలికాన్ అయితే ఈ టేపూ పట్టదు, ఈ సీలరూ పట్టదు. సిలికాన్ మీద సిలికానే అంటుకుంటుంది. అనుమానం ఉంటే మామూలు సెల్లోటేపు అంటించి లాగి చూడు. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అది సిలికాన్ అనుకోవచ్చు. దానికి నేను వాడేది కిటికీ అద్దాల సందులకి పూసే పారదర్శక సిలికాన్. నీళ్లతో కలిసే యాక్రిలిక్ రకం కాదు, వంద శాతం సిలికాన్ అని రాసి ఉన్నది. ఒక పాలు సిలికాన్‌కి మూడు పాళ్లు వైట్ స్పిరిట్ (పెయింటు పల్చన చేసే ద్రవం) చొప్పున కలిపి, పల్చటి పాకంలా వచ్చాక కుట్ల మీద పూస్తాను. ఆరాక కొంచెం టాల్కం పౌడర్ అద్దితే మడతలు ఒకదానికొకటి అంటుకోవు. ఈ పని కిటికీలు తెరిచి, మంట దగ్గర లేకుండా చెయ్యి. ఆ వాసనకి నాకైతే గంటలో తల పట్టేస్తుంది.

ఇంకో కోటు కుట్టేటప్పుడు మాత్రం భుజం మీద కుట్టే లేకుండా చూసుకో. వాన నేరుగా పడేది అక్కడే, సంచీ పట్టీ నొక్కేదీ అక్కడే. గుడ్డ సామర్థ్యాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు కదా, 1500 అంటే గుడ్డ మీద మీటరున్నర ఎత్తు నీళ్లు నిలబెట్టినా ఊరకుండా ఆపగలదని. చినుకుల సంగతి అటుంచితే, బరువైన సంచీ పట్టీ గట్టిగానే ఒత్తిడి పెడుతుంది. అందుకని వెనక ముక్కనే భుజం దాటించి, ఐదారు సెంటీమీటర్లు ముందుకి తెచ్చి, ఛాతీ మీద కుట్టు. పై ముక్క అంచు కింది ముక్క మీదికి రావాలి, ఇంటి పెంకులు పేర్చినట్టు. కోటులో ఏ అడ్డ కుట్టుకైనా ఇదే లెక్క. తిరగేసి పేర్చిన పెంకు నీళ్లని ఇంట్లోకే పంపుతుంది.

ప్రశ్న: మేడమ్, నా మెషిన్ మీద నూలు గుడ్డ హాయిగా నడుస్తుంది. రెయిన్‌కోటు గుడ్డ పెడితే పాదం కింద అతుక్కుని ముందుకి పోదు. టాకాలు తప్పుతున్నాయి. మెషిన్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. పూత ఉన్న వైపు పైకి వచ్చినప్పుడే లోహపు పాదం పట్టేస్తుంది. టెఫ్లాన్ పాదం ఉంటే బిగించు, లేకపోతే ట్రేసింగ్ పేపరు సన్నటి పట్టీ పైన వేసి దాంతో పాటే కుట్టేసి తర్వాత చింపెయ్యి. టాకాలు తప్పడానికి చాలామటుకు సూదే కారణం. కొత్త సూది, సన్న నైలాన్‌కి 11 నంబరు. మందపాటి కాన్వాసుకి 16. దారం పాలియెస్టరే. నూలు దారం నీళ్లు పీల్చి, దీపం వత్తిలా లోపలికి లాక్కొస్తుంది, పైగా తడిలో నానీ నానీ చీకిపోతుంది. దారం టెన్షన్ కొంచెం వదులు చెయ్యి, కుట్టు ముడుచుకోదు.

గుండుసూదులు మాత్రం ఆ బల్ల మీద కనిపించకూడదు. బట్టల క్లిప్పులు, కాగితాల క్లిప్పులు ఏవైనా పెట్టుకో. మరీ తప్పనిసరైతే కుట్టుకి బయట మిగిలే మార్జిన్‌లోనే గుచ్చు. కుట్టు మొదట్లో, చివర్లో ముందుకీ వెనక్కీ నడపడం మానేసి, దారాలు చేత్తో ముడెయ్యి.

ప్రశ్న: నాన్నగారి పాత కాన్వాసు కోటు ఒకటి ఉంది. నూలుదే. మైనం పూస్తే వానకి ఆగుతుందని విన్నాను. ఇంట్లో చేయగలనా? ఏ మైనం? కొవ్వొత్తులు కరిగించి పోస్తే సరిపోతుందా?

జవాబు: ఈ ఉత్తరం చూసి నాకు సంతోషం వేసింది, ఎందుకంటే నాకు ఇష్టమైన పని ఇదే. నైలాన్‌తో కుస్తీ కంటే మైనం పని ఎంతో నయం. తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, చిరిగితే అతుకు వేసి మళ్లీ పూసుకోవచ్చు. పైగా ఇక్కడ మన బెజ్జాల గొడవ సగం దానంతటదే తీరుతుంది. కోటు ముందే కుట్టి ఉంది కాబట్టి, కరిగిన మైనం గుడ్డతో పాటు సూది బెజ్జాల్లోకీ దిగి పూడ్చేస్తుంది. కొత్తగా కుట్టేవాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే: ముందు కుట్టండి, తర్వాత పూయండి.

కొవ్వొత్తులు చాలామటుకు పారఫిన్. ఒట్టి పారఫిన్ పూస్తే మడతల దగ్గర పెళుసుగా చిట్లుతుంది. ఒట్టి తేనెమైనం పూస్తే వంగుతుంది కానీ, చేతికి జిగట. నేను మూడు పాళ్లు పారఫిన్‌కి ఒక పాలు తేనెమైనం కలుపుతాను. చలి ఎక్కువున్న చోట ఉండేవాళ్లు తేనెమైనం ఇంకాస్త పెంచుకోవచ్చు. రంగు, సువాసన కలిపిన కొవ్వొత్తులు వద్దు. ఒకసారి వాసనవి వాడి, ఆ కోటు వేసుకున్నన్నాళ్లూ నడుస్తున్న సబ్బు దుకాణంలా తిరిగాను.

కోటుని ముందు ఉతుకు. మెత్తదనం కోసం వేసే ద్రవాలేవీ వెయ్యకు. కనీసం ఒకరోజు పూర్తిగా ఆరనివ్వు. తేమ మిగిలిన గుడ్డలోకి మైనం దిగదు. మైనాన్ని రేకు డబ్బాలో వేసి, ఆ డబ్బాని నీళ్ల గిన్నెలో పెట్టి కాచు. డబ్బాని నేరుగా మంట మీద పెట్టొద్దు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నీళ్లు మరిగినా 100 దాటవు కాబట్టి భయం లేదు. నేరుగా మంట మీద పెడితే ఎంత వేడెక్కుతుందో తెలియదు, ఆవిరికి మంట అంటుకుంటుంది.

పాత బ్రష్‌తో పూస్తూ పో. గుడ్డ మీద పడగానే తెల్లగా గడ్డకట్టి, చూడటానికి బూజు పట్టినట్టు కనిపిస్తుంది. కంగారుపడకు. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి తగిలిస్తే మళ్లీ కరిగి దారాల్లోకి ఇంకుతుంది, గుడ్డ రంగు ముదురుతుంది. ఇంకకుండా పైన నిలిచిందంటే ఎక్కువైనట్టే, పాత గుడ్డతో తుడిచెయ్యి. కుట్ల మీద, భుజాల మీద, టోపీ మీద రెండోసారి పుయ్యి. చంక కింద ఒకసారే చాలు, అక్కడ కాస్త గాలి ఆడాలి. తర్వాత హ్యాంగర్‌కి వేసి ఒకరోజు వదిలెయ్యి.

ఇక దాని బతుకంతా ఇస్త్రీ లేదు, వేడినీళ్లు లేవు, మెషిన్‌లో వెయ్యడం లేదు. మట్టి అంటితే ఆరనిచ్చి దులిపి, చల్లటి నీళ్ల గుడ్డతో తుడవాలి. మిగతా బట్టలకి తగలకుండా వేలాడదియ్యి, లేకపోతే వాటికీ మైనం అంటుతుంది. ఏడాదికోసారి వానలకి ముందు ఇంకో పూత వేసుకుంటే సరి. మైనం పట్టిన గుడ్డ అంటుకుంటే ఆగదు, కాబట్టి అది వేసుకుని మంట దగ్గరికి పోవద్దు.

మైనం బదులు అవిసె నూనె వాడొచ్చా అని ఇంకొకరు అడిగారు. వాడొచ్చు, పాతకాలపు నావికుల కోట్లు అవే. నూనె గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని పొరలా గట్టిపడుతుంది. కానీ పూతకీ పూతకీ మధ్య రోజుల తరబడి ఆరబెట్టాలి, పసుపెక్కుతుంది, వాసన పోదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచాలి. నాలాంటి మతిమరుపు మనిషికి మైనమే క్షేమం.

ప్రశ్న: పటిక, సబ్బు కలిపితే గుడ్డ వాటర్‌ప్రూఫ్ అవుతుందంటారు. నిజమేనా, లేక ఊరికే చెప్పే మాటా?

జవాబు: సగం నిజం. కలపకూడదు, ఒకదాని తర్వాత ఒకటి. బట్టల సబ్బు లీటరు వేడినీళ్లకి 60 గ్రాములు తురిమి కరిగించి, నూలు గుడ్డని నానబెట్టి, పిండి ఆరవెయ్యాలి. తర్వాత లీటరుకి 30 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో ముంచి మళ్లీ ఆరవెయ్యాలి. పటికలోని అల్యూమినియం సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని పొరగా దారాలకి పట్టుకుంటుంది. చినుకు పడితే తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. డిటర్జెంటు బిళ్లతో చేస్తే రాదు, అసలైన సబ్బే కావాలి. పని జరగలేదని రాసిన ఇద్దరు పొరపాటు పడింది బహుశా ఇక్కడే.

అయితే ఇది చినుకుల వరకే. దారాలకి పొర పట్టింది కానీ, దారాల మధ్య సందులు అలాగే ఉన్నాయి. జోరువానలో పావుగంట ఆగితే గొప్ప. ఉతికిన కొద్దీ పోతుంది. సంచులకి, టోపీలకి బాగుంటుంది. పాత పుస్తకాల్లో పటికతో పాటు సీసం లవణం కలిపే పద్ధతి కనబడితే దాని జోలికి పోవద్దు, అది విషం.

ప్రశ్న: అన్ని కుట్లకీ టేపు వేశాను. బకెట్టు నీళ్లు గుమ్మరించి చూశాను. ఎక్కడా కారడం లేదు. అయినా పది నిమిషాలు సైకిల్ తొక్కితే లోపలంతా తడి! ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు: మీ నుంచే. మరోలా అనుకోకండి. చెమట ఆవిరికి దారి లేక, చల్లటి గుడ్డకి తగిలి మళ్లీ నీళ్లవుతోంది. ఆవిరిని వదిలి నీళ్లని ఆపే గుడ్డలు ఉన్నాయి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి సన్నటి రంధ్రాల పొర చేశాడు. ఆ రంధ్రాల్లోంచి ఆవిరి పోతుంది, నీటి బొట్టు పట్టదు. కానీ సైకిల్ తొక్కేవాళ్ల చెమటకి అవీ చాలవు. మామూలు గుడ్డకైనా గాలి దారులు పెడితే ఎక్కువ ఫలితం.

మీ కోటులో చంక కింద పక్క కుట్టు పైన ఎనిమిది సెంటీమీటర్లు విప్పండి. ఇంతకుముందు విప్పకు అన్నదాన్ని ఇప్పుడు విప్పమంటున్నాను, నిజమే. చెయ్యి కిందికి దించితే మూసుకునే చోటు అది, వాన దూరదు. అంచులు లోపలికి మడిచి కుట్టేయండి. వీపు మీద ఒక పొడవు కోత పెట్టి, దోమతెర గుడ్డ వేసి, పైనుంచి పది సెంటీమీటర్ల రెక్క వేలాడేలా కప్పగలిగితే ఇంకా మంచిది. ఆ రెక్కకి పై కుట్టు ఒక్కటే ఉండాలి, దానికి లోపల టేపు. కోటు బిగుతుగా ఉన్నా గాలి ఆడదు. నేనైతే చొక్కా వేసుకున్నాక ఛాతీ చుట్టు కొలిచి, దాని మీద 20 సెంటీమీటర్లు కలుపుతాను.

ప్రశ్న: మా ఐదేళ్ల పాపకి రెయిన్‌కోటు కుడుతున్నాను. వచ్చే ఏడాదికీ పనికొచ్చేలా చేతులకి లోపల మడతలు కుట్టి ఉంచనా? టోపీ కళ్ల మీద పడకుండా తాడు పెట్టనా?

జవాబు: రెండూ వద్దమ్మా. మడత కుడితే వచ్చే ఏడాది విప్పుతావు, అక్కడ బెజ్జాల వరస సిద్ధంగా ఉంటుంది. చేతులు పొడుగ్గానే ఉంచి, బయటికి ఒక మడత వేసి, పక్కన ఒక్క ప్రెస్ బటన్ పెట్టు. ఆ మడత గిన్నెలా నీళ్లు పట్టకుండా లోపలికి తిప్పుకోవచ్చు కూడా. తాడు ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి బిగుసుకుంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14682 ఏడేళ్ల లోపు పిల్లల బట్టల్లో టోపీకీ మెడకీ తాళ్లు ఉండకూడదంటుంది. దాని బదులు టోపీని రెండు ముక్కలతో కాక మూడు ముక్కలతో కత్తిరించు: రెండు పక్కలు, నడినెత్తి మీదుగా ఒక పట్టీ. నడినెత్తిన కుట్టు తప్పుతుంది, తల తిప్పితే టోపీ కూడా తిరుగుతుంది. ముందంచులో పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట నుంచి నాలుగు సెంటీమీటర్ల నెలవంక కత్తిరించి పెడితే చూరులా నిలబడి నీళ్లు పక్కలకి పోతాయి. రంగు మటుకు పాపనే ఎంచుకోనివ్వు, బూడిద రంగు తప్ప. వానలో బండి నడిపేవాళ్లకి పిల్ల కనబడాలి.

ప్రశ్న: ఐదేళ్లుగా దాచిన రెయిన్‌కోటు తీస్తే లోపల జిగురుగా అయిపోయి, పొరలు రాలుతున్నాయి. ఏదైనా పూస్తే బాగవుతుందా?

జవాబు: కాదు. తడి మిగిలి ఉండగా మడతపెట్టి దాస్తే పీయూ పూత తేమకి మెల్లగా విరిగిపోతుంది, ఇక దాని మీద ఏం పూసినా నిలవదు. పారేసే ముందు కుట్లు విప్పి ముక్కలు విడదీసి, పేపర్ కటింగ్‌గా వాడుకో. అది నీకు సరిపోయిన కోటే కదా. జిప్పు, ప్రెస్ బటన్లు కూడా పీకి ఉంచుకో.

ప్రశ్న: కోటు ముందు భాగానికి జిప్పా, బటన్లా?

జవాబు: జిప్పు, దాని మీద ఐదు సెంటీమీటర్ల రెక్క, ఆ రెక్కకి ప్రెస్ బటన్లు. జిప్పు ఒక్కటే పెడితే పళ్ల మధ్య నుంచి నీళ్లు దిగుతాయి. బటన్లు ఒక్కటే పెడితే గాలికి తెరుచుకుంటుంది. ప్రెస్ బటన్ బిగించే చోట లోపల ఇంకో పొర గుడ్డ వెయ్యి, లేకపోతే మూడోసారి లాగేసరికి బటన్‌తో పాటు గుడ్డ కూడా చేతికి వస్తుంది.